ఏజెంటు బస్సుకు అవ్వ చెయ్యెత్తిన రోజు

మా డిపోలో కొత్తగా చేరిన కుర్ర డ్రైవర్లకు నా సర్వీసు మీద ఏ ఆసక్తీ లేదు. వరదల్లో వాగు మధ్య బస్సు ఆగిపోయిన సంగతి చెప్పబోతే ఫోను చూసుకుంటారు. వాళ్ళకు కావలసింది ఒకటే. "అన్నా, ఆ ఏజెంటు సినిమాల నువ్వు ఏడ కనబడతవ్?"

ఎక్కడా కనబడను నాయనలారా. మూడో భాగంలో ఇంటర్వెల్ అయ్యాక టేకు అడవి మధ్య దుమ్ము లేపుకుంటూ ఒక పల్లె బస్సు వస్తుంది. డ్రైవర్ కిటికీలో ఒక మోచెయ్యి ఉంటుంది. అది నాది. మా ఇంటావిడ అది కూడా ఒప్పుకోదు, నా మోచెయ్యి అంత నున్నగా ఉండదట. రిటైరైన మనిషికి ఇంట్లో దక్కే గౌరవం ఇంతే, మీకూ తెలిసొస్తుంది.

మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు కాబట్టి ఒకసారి పూర్తిగా చెప్పేస్తాను. ఆ తర్వాత నన్ను విసిగించకండి.

ముందు ఆ సినిమాల సంగతి. ఒక రహస్య ఏజెంటు ఉంటాడు. తలకు దెబ్బ తగిలి తన పేరు, ఊరు, అమ్మానాన్న అన్నీ మరిచిపోతాడు. కానీ వెనక నుంచి ఎవడైనా మీద పడితే చాలు, చేతులు వాటంతటవే లేచి వాడిని చితకబాదుతాయి. మనసు మరిచింది ఒంటికి గుర్తుంటుందన్నమాట. మొదటి భాగంలో మరిచాడు. రెండో భాగంలో సగం గుర్తొచ్చి, ఆఖర్లో మళ్ళీ దెబ్బ తిని మరిచాడు. మా కండక్టరమ్మకు ఈ సినిమాలంటే ప్రాణం. నాతో ఆ అడవి రూటులో ఏళ్ళ తరబడి డ్యూటీ చేసిన మనిషి. నన్ను అన్నా అంటుంది, నేను చెల్లె అంటాను. "ఆ పిలగానికి పెండ్లి చేస్తే అయిపోతుండె అన్నా," అనేది. "పెండ్లాం వచ్చి, నిన్న తెమ్మన్న కూరగాయలేవి అనడిగితే అన్నీ గుర్తొస్తయి."

మూడో భాగం వాళ్ళు మన అడవిలో తీయడానికి వచ్చారు. పాల్వంచ దాటాక లోపలికి తిరిగి, కోయ పల్లెలన్నీ చుట్టి, సారపాక దగ్గర మెయిన్ రోడ్డెక్కి, గోదావరి వంతెన మీదుగా భద్రాచలం చేరే రూటు మాది. ఉదయం పోవడం, సాయంత్రం రావడం. ఆ పల్లెలకు ఆ బస్సు తప్ప వేరే దిక్కు లేదు. సినిమా వాళ్ళకు ఆ రోడ్డూ నచ్చింది, సొట్టలు పడ్డ మా బస్సూ నచ్చింది. కొత్త బస్సు ఇస్తామన్నా వద్దన్నారట. బస్సుతో పాటు నన్నూ కిరాయికి ఇచ్చారు. కండక్టర్ వేషానికి నిజం కండక్టరే కావాలని డైరెక్టరు అనగానే, మా చెల్లె ఆయన వాక్యం పూర్తి చేయకముందే బ్యాగు తగిలించుకుంది. షూటింగు జరిగినన్ని రోజులు ఆ రూటులో ట్రిప్పు రద్దు. పల్లె పల్లెకూ కాగితం అంటించాం కదా, అందరికీ తెలిసిపోయిందనుకున్నాం.

ముందు వేరే చిన్న చిన్న షాట్లు తీశారు. హీరో బస్సెక్కాలి, మా చెల్లె టికెట్ అడగాలి, ఆయన తల పట్టుకుని "నేనెవరు?" అని కేకపెట్టాలి, ఈమె భయపడి వెనక్కి జరగాలి. ఇదీ సీను. ఆయన తల పట్టుకున్నాడు, కేకపెట్టాడు. నుదుటి మీద పెట్టిన రక్తం కూడా చక్కగా కారింది. మా చెల్లె జరగలేదు.

"ఎవరైతేంది సార్, ఆధార్ సూపియ్యి," అంది.

డైరెక్టరు నెత్తి కొట్టుకున్నాడు. సన్నటి కుర్రవాడు, టోపీ, ఎప్పుడూ ఏదో మునిగిపోతున్నట్టు ఆదుర్దా. "అమ్మా, మీరు భయపడాలి. అతనికి తనెవరో తెలియదు."

"మా బస్సుల సగం మంది గట్లనే ఎక్కుతరు సార్. మాపటి ట్రిప్పుల వచ్చి సూడుండ్రి."

"మరి ఆధార్ ఎందుకు?"

"ఆడోళ్ళకు కార్డు సూసి సున్నా టికెట్ కొట్టాలె. అలవాటైపోయింది. మొగోళ్ళకు పైసలే, ఏజెంటైనా సరే."

హీరో పకపకా నవ్వాడు. మంచివాడే పాపం. తెర మీద పది మందిని ఎగరేసి కొట్టే మనిషి, మా బస్సు సీటులో కూర్చోవాలంటే నడుం వెనక దిండు పెట్టుకునేవాడు. ఎగిరేవీ దూకేవీ వేరే కుర్రవాడు చేసేవాడు. ఈయన దిగి ఆయాసపడేవాడు. మీ రోడ్డు మీద నెల రోజులు తిరిగితే నేను నిజంగానే పేరు మరిచిపోతానండీ అనేవాడు నాతో.

ఇక అసలు రోజు. బస్సును నాలుగు నల్ల జీపులు తరమాలి. జీపుల నిండా విలన్ మనుషులు, చేతుల్లో బొమ్మ తుపాకులు. ముందు ఒక బండి మీద కెమెరా, అందులో డైరెక్టరు. నా స్టీరింగు పక్కన ఒక వాకీటాకీ వేలాడదీశారు. రోడ్డు అనుమతి ఆ పూట వరకే, సాయంత్రం హీరో హైదరాబాదు వెళ్ళిపోతాడు. కాబట్టి డైరెక్టరు నా దగ్గరకు వచ్చి చేతులు జోడించాడు.

"డ్రైవర్ గారూ, మీకు ఒకటే చెప్తున్నా. ఏం జరిగినా సరే ఆపొద్దు. చెట్టు విరిగిపడ్డా ఆపొద్దు. మెయిన్ రోడ్డు దాకా ఒకే పరుగు."

"ఆపను సార్," అన్నాను. మాట ఇచ్చాను కూడా.

బయలుదేరాం. జీవితంలో మొదటిసారి ఆ రోడ్డు మీద ఆగకుండా పోతున్నాను, ఏమాటకామాట చెప్పాలి, హాయిగా ఉంది. వెనక జీపులు హారన్లు కొడుతున్నాయి, టపాటపా శబ్దాలు చేస్తున్నాయి. హీరో ఫుట్‌బోర్డు మీద ఒక చెయ్యి వదిలి నిలబడ్డాడు, దగ్గరి షాట్ కాబట్టి ఆయనే నిలబడాల్సి వచ్చింది. మా చెల్లె ఈసారి నిజంగానే భయపడింది. వాకీటాకీలో డైరెక్టరు సూపర్, సూపర్ అంటున్నాడు. చింతచెట్టు మలుపు తిరిగాను.

మలుపు దగ్గర ఒక ముసలామె నిలబడి ఉంది. నెత్తి మీద కొంగు, చంకలో స్టీలు క్యాను. చెయ్యెత్తింది.

నేను ఆపాలనుకోలేదు. దేవుడి మీద ఒట్టు. నా కాలు నన్ను అడగలేదంతే. పల్లె బస్సంటే చెయ్యెత్తిన చోటల్లా ఆగాలని డిపోలో మాకు నూరిపోశారు, నేనూ ఒక సర్వీసు మొత్తం ఆగాను. ఆ ఏజెంటుకు చేతులు ఎలాగో, నాకు కాలు అలాగ. బస్సు కీచుమని ఆగింది. హీరో ఫుట్‌బోర్డు మీద నుంచి ఎగిరి లోపలికొచ్చి మా చెల్లె ఒళ్ళో పడ్డాడు. మొదటి జీపు మా వెనక బంపరుకు మెల్లగా ముద్దు పెట్టింది. మిగిలిన మూడూ దాని వెనక వరుసగా ఆగిపోయాయి.

అవ్వ ఏమీ తొందర పడకుండా ఎక్కింది. ఒళ్ళో హీరోతో ఉన్న మా చెల్లెను చూసింది. తను రోజూ కూర్చునే సీటులో, నా వెనక కిటికీ పక్కన కూర్చుని, క్యాను ఒళ్ళో పెట్టుకుని నా మీద పడింది.

"ఏం కొడుకా, మొన్న రాకపోతివి, నిన్న రాకపోతివి. రోగమా, రొష్టా?"

"సినిమా అవ్వా. కాగితం అంటిచ్చినం గదా."

"కాగితం నాతోని మాట్లాడతదా?"

వాకీటాకీ అరుస్తూనే ఉంది. కెమెరా బండి వెనక్కి వచ్చింది, డైరెక్టరు దిగి పరుగెత్తుకొచ్చాడు. టోపీ ఎక్కడో పడిపోయింది.

"ఎందుకాపారు?"

"చెయ్యెత్తింది సార్."

ఆయన నెత్తి మీద లేని టోపీని సర్దుకోబోయాడు. చివరికి అవ్వ వైపు తిరిగి, కొంచెం దిగమని, ఇంకో టేక్ తీసుకోవాలని, బస్సు వెనక్కి పోవాలని మర్యాదగానే చెప్పాడు.

"నేను దిగ," అంది అవ్వ. "మా ముసలోడు భద్రాచలం దవాఖానల ఉన్నడు. జరం తలకెక్కింది. ఎవ్వరినీ గుర్తువట్టడు. నన్ను గూడ. ఎవరమ్మా నువ్వు అంటడు. అయినా నా చేతి జావ తప్ప ఎవరు పెట్టినా నోరు తెరవడు." ఇంటి దగ్గర కోడలు బాలింత, మేకలున్నాయి, కొడుకు సత్తుపల్లి బొగ్గు పనికి పోయాడు. అందుకని ఆమె రోజూ పొద్దున మా బస్సులో పోయి సాయంత్రం మా బస్సులోనే వస్తోంది. "నిన్న బస్సు లేకపాయె. మెయిన్ రోడ్డు దాక నడిచి, ఆటో పట్టుకొని పొయ్యేసరికి పొద్దు నెత్తికెక్కింది. అప్పటికే మనిషి పలంగు మీద లేడు. గేటు దాటి పోతాంటే ఎవరో పట్టుకొచ్చిండ్రట. ఇయ్యాల గూడ నేను జల్దీ పోకపోతే, మనిషి గోదారి దిక్కు పోతే ఎవరు పట్టుకొస్తరు?"

హీరో లేచి చొక్కా దులుపుకుంటూ అలాగే నిలబడ్డాడు. ఆ ముసలాయన నాకు తెలుసు. కట్టె మోపులు, విస్తళ్ళు కుట్టే అడ్డాకుల కట్టలు ఎన్ని వేయించాడో నా బస్సు మీద. మనిషి కొన్నాళ్ళుగా కనబడకపోతే ఏమయ్యాడని కూడా నేను అడగలేదు.

డైరెక్టరు రాతిమనిషేం కాదు. "మా బండిలో పంపిస్తానమ్మా, బస్సు కంటే ముందే పోతావు," అన్నాడు. ఆయన సొంత కారు అటు చివర పల్లెలో ఉండిపోయింది. అందుకని జీపు చూపించాడు. అవ్వ కిటికీలోంచి మెడ చాపి చూసింది. నల్ల జీపు, నల్ల కళ్ళద్దాలు, తుపాకులు, మొహాల నిండా గాట్లు.

"తుపాకులోళ్ళ జీపా? నేను ఎక్క."

"అవి బొమ్మ తుపాకులు అవ్వా."

"మా పడుచుకాలంల పోలీసోళ్ళు గూడ గట్లనే మెత్తగ చెప్పిండ్రు. రెండు ముచ్చట్లడిగి పంపిస్తమని మా మరిదిని జీపెక్కిచ్చిండ్రు. నెల దాటినంక నడిచొచ్చిండు ఇంటికి. మీ జీపు మీరే ఎక్కుండ్రి, నాకు బస్సున్నది."

ఈ అడవిలో పుట్టి పెరిగిన ఏ మనిషీ ఆ జీపు ఎక్కడు. హైదరాబాదు నుంచి వచ్చినవాళ్ళకు అది ఎలా తెలుస్తుంది? విలన్ల వేషం మరీ బాగా కుదిరింది, అదే వాళ్ళ తప్పు. ఒక ఫైటరు దిగివచ్చి, నల్ల కళ్ళద్దాలు తీసి, నేను మీ మనవడిలాంటివాణ్ణి అవ్వా అని నవ్వాడు. బంగారు పన్ను బయటపడింది. అవ్వ క్యాను ఇంకా గట్టిగా పట్టుకుంది.

డైరెక్టరు వాచీ చూసుకున్నాడు, ఆకాశం చూశాడు, నన్ను చూశాడు. "ఆమెను బస్సులోనే ఉండనివ్వండి. వెనక్కి తిప్పి మలుపు నుంచి మళ్ళీ తీద్దాం. ఒక్క గంట." చెప్పి తన బండి దగ్గరకు వెళ్ళిపోయాడు.

సినిమా వాళ్ళ గంట ఎంతసేపుంటుందో ఆ రెండు రోజుల్లోనే నాకు అర్థమైంది. నేను అద్దంలో అవ్వను చూశాను. ఆమె నన్ను నమ్మి, ఇక పోతాం కదా అన్నట్టు కిటికీ రేకు ఎత్తుకుంటోంది. మొదటి గేరు వేశాను. వెనక్కి తిప్పలేదు, ముందుకు పోనిచ్చాను.

దీనికి తర్వాత నాకు మెమో వచ్చింది. కిరాయి బస్సును అనుమతి లేని చోటికి ఎందుకు తీసుకెళ్ళావని. ప్యాసింజరు చెయ్యెత్తినందున ఆపితిని, టికెట్ కొట్టినందున దింపవలసిన చోట దింపితిని అని రాసిచ్చాను. మా మేనేజరు అది చదివి, తల పట్టుకున్నాడు. అచ్చం ఆ హీరో లాగే.

వాకీటాకీ గోలపెట్టింది. "ఎక్కడికి పోతున్నారు? డ్రైవర్ గారూ! ఎక్కడికి?"

నా చేతులు ఖాళీ లేవు. మా చెల్లె అందుకుంది. అప్పటికే అవ్వ ఆధార్ చూసి సున్నా టికెట్ కొట్టి ఇచ్చింది కూడా. "సార్, బస్సు భద్రాచలం పోతాంది. సారపాక, బ్రిడ్జి, దవాఖానా. దిగేటోళ్ళుంటే ముందే చెప్పుండ్రి."

హీరో దిండు వెతుక్కుని నడుం వెనక సర్దుకుని, వాకీటాకీ అడిగి తీసుకున్నాడు. "సాయంత్రం దాకా నేను ఖాళీయే. ఎండ బాగుంది. తీసుకుంటే తీసుకోండి," అని తిరిగి ఇచ్చేశాడు.

అంతే. డైరెక్టరు పుట్టుకతోనే డైరెక్టరు. "జీపులూ, తరమండి! కెమెరా!" అని కేక వినిపించింది. నటించాల్సిన అవసరం లేకుండా పోయింది. నేను నిజంగానే పోతున్నాను, వాళ్ళు నిజంగానే తరుముతున్నారు. కెమెరా బండి ఒకసారి ముందు, ఒకసారి పక్కన. ఒక జీపు నా వెనక తలుపు దాకా వచ్చింది. బంగారు పన్ను ఫైటరు ముందే అనుకున్న ప్రకారం అందులోంచి మా బస్సు వెనక నిచ్చెన పట్టుకుని, వెనక తలుపులోంచి లోపలికి దూకాడు. హీరో లేచి గుద్దినట్టు చెయ్యి ఊపాడు. ఫైటరు దెబ్బ తగిలినట్టు గిర్రున తిరిగి, సీట్ల మధ్య దొర్లుకుంటూ వచ్చి, సరిగ్గా అవ్వ కాళ్ళ దగ్గర పడ్డాడు. క్యాను ఊగింది.

అవ్వ వాడి వీపు మీద ఒక్కటి చరిచింది. బస్సంతా మోగింది.

"కండ్లు కనబడ్తలేవారా? ఈ జావ ఒలికితే మళ్ళ మీ అవ్వ వచ్చి కాస్తదా?"

ఫైటరు లేచి రెండు చేతులూ జోడించాడు. "తప్పయింది అవ్వా." తుపాకి తీసి సీటు కింద పెట్టి, ఆమె ముందు సీటు రాడ్ పట్టుకుని, క్యాను ఊగకుండా రెండో చెయ్యి అడ్డం పెట్టి నిలబడ్డాడు. భద్రాచలం దాకా అలాగే నిలబడ్డాడు. హీరో ఎవరిని కొట్టాలో తెలియక కాసేపు చుట్టూ చూసి కూర్చుండిపోయాడు. ఆ దెబ్బ సినిమాలో లేదు. మూడు భాగాల్లోకీ నిజంగా తగిలిన దెబ్బ అదొక్కటే, అదే తీసేశారు.

సారపాక దగ్గర ఒక కానిస్టేబుల్ చెయ్యి అడ్డం పెట్టాడు. ఎరిగినవాడే. "ఏందన్నా, ఎనక గా జీపులేంది? గా తుపాకులేంది?"

"సినిమా తమ్మీ. అర్జెంటు."

"అవునా? నేను గూడ పడతనా మరి?" అని టోపీ సర్దుకున్నాడు. పడతావులే అని చెప్పి పోనిచ్చాను. అద్దంలో చూస్తే, జీపులకు ఎంతో శ్రద్ధగా దారి చూపిస్తున్నాడు.

వంతెన మీద అవ్వ గోదావరి వైపు చూస్తూ కూర్చుంది. నీళ్ళ ఒడ్డున కనబడే ప్రతి మనిషినీ వెతుకుతోందని నాకు అర్థమైంది. నేను హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు.

దవాఖానా గేటు ముందు ఆపాను. వెనక జీపులు, కెమెరా బండి ఆగాయి. డైరెక్టరు దిగి నా మీదికి రాబోయి, జనాన్ని చూసి ఆగిపోయాడు.

ముసలాయన గేటు బయటే ఉన్నాడు. చేతికి సూది పెట్టిన చోట దూది అంటించి ఉంది. పక్కనే ఆయా ఒకామె చెయ్యి పట్టుకుని లోపలికి రమ్మని బతిమాలుతోంది. ఆయన వినడం లేదు, బస్సునే చూస్తున్నాడు. అవ్వ ఒక్క ఊపిరి విడిచి, కొంగుతో మొహం తుడుచుకుంది.

ముందుగా హీరో దిగాడు. నుదుటి మీద రక్తం ఇంకా అలాగే ఉంది. ముసలాయన ఆయన్ని ఎగాదిగా చూసి, ఆయాతో అన్నాడు. "నన్నేం జేస్తవ్, ఈ పిలగాన్ని సూడు. తల పగిలింది. ముందుగాల లోపటికి తీస్కపో."

"నాకేం కాలేదు తాతా," అన్నాడు హీరో.

"గట్లనే అంటరు. పేరు జెప్పు."

హీరో తన పేరు చెప్పాడు. సినిమా పేరు కాదు, అమ్మానాన్నలు పెట్టింది. చాలా నెమ్మదిగా చెప్పాడు.

అవ్వ దిగి ముసలాయన పక్కకు వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. ఆయన ఆమెను చూశాడు, కొత్త మనిషిని చూసినట్టే మర్యాదగా చూశాడు. "జర జరుగమ్మా," అన్నాడు. "బస్సొచ్చింది, డ్రైవర్‌తోని పనుంది."

ఆమె జరిగింది. ఆయన బస్సు ముందు నుంచి చుట్టూ తిరిగి నా కిటికీ కిందికి వచ్చాడు. అవ్వ క్యాను మూత తీసి, గిన్నెలో జావ ఒంపుకుంటూ వెనకే వచ్చింది. ఆయన తల పైకెత్తాడు. నా మొహాన్ని గుర్తుపట్టాడో, ఖాకీ చొక్కానే గుర్తుపట్టాడో నేను చెప్పలేను. బస్సు వాళ్ళతో ఎప్పుడూ మాట్లాడే గొంతుతోనే మాట్లాడాడు.

"కొడుకా, చింతచెట్టు మలుపు కాడ మా ఇంటామె నిలబడి ఉంటది. చెయ్యెత్తుతది. ఆపకుండ పోకు."

అవ్వ గిన్నె ఆయన నోటి దగ్గర పెట్టింది.

"ఆపిన తాతా," అన్నాను. "ఎక్కించుకొని వచ్చిన."

సరే అన్నట్టు తలాడించాడు. ఆమె చేతిలోంచే జావ తాగుతూ, మా బస్సు తలుపు వైపు తిరిగి, ఆమె ఎప్పుడు దిగుతుందా అని చూస్తూ నిలబడ్డాడు.